మెట్టెలు పెట్టుకున్న లైన్‌మన్

కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడికి ఒక జబ్బు మిగిలిపోతుంది. వైరు కనిపిస్తే చాలు, అది ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో చూడందే నిద్ర పట్టదు. పెళ్ళికి పిలిచినా నేను పందిట్లో కూర్చోను, సీరియల్ లైట్ల వైర్ల వెనకే తిరుగుతుంటాను. అలాంటిది, నా భార్య ఒంటికే వైర్లు తగిలిస్తామని ఆసుపత్రిలో చెబితే ఊరుకుంటానా?

ఆమె స్కూటీ మీంచి పడినప్పటి నుంచి నడుము కింద నొప్పి. వెన్నెముక అడుగుభాగం తుంటి ఎముకతో కలిసేచోట కీలు వదులైందట. బెల్టులు, మాత్రలు, ఇంజక్షన్లు అన్నీ అయ్యాక, చిన్న గాటు పెట్టి లోపల స్క్రూలు బిగిస్తే సరిపోతుందన్నారు డాక్టరు. సరిపోతుంది గానీ, కాలికి పోయే నరాలు ఆ పక్కనే ఉంటాయి. స్క్రూ కాస్త అటు జరిగితే పాదం వాలిపోవచ్చు. అంటే పాదాన్ని పైకెత్తలేక ఈడ్చుకుంటూ నడవాల్సి వస్తుంది. చాలా అరుదు అని కూడా ఆయన అన్నారు. ఆ మాట మా ఇద్దరిలో ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆమె మేముండే ఈ తమిళ ఊళ్ళోనే, ఉప్పళం అనే పేటలో బడిపిల్లలకు వంట చేస్తుంది. రోజంతా కాళ్ళ మీద ఉండే మనిషి. పాదం పోతే ఆ పని పోతుంది, పనితోపాటు ఆమె నోరూ మూతపడుతుంది. ఆ నోరు లేని ఇంట్లో నేను బతకలేను.

ఆపరేషన్ ముందురోజు, నరాల మీద కన్నేసి ఉంచే మిషన్ చూసుకునే అమ్మాయి వచ్చింది. నెల్లూరు వైపు పిల్ల.

"ఆంటీ నిద్రలో ఉన్నప్పుడు కాళ్ళకి సన్న సూదులు పెడతాం అంకుల్. నరం దగ్గరికి ఏదన్నా పోతే కండ అదురుతుంది, ఆ చప్పుడు మిషన్లో నాకు వినపడతాది. చీలమండ దగ్గర కొంచెం కరెంటు ఇచ్చి, తల దాకా వస్తా ఉందా లేదా అని కూడా చూస్తా ఉంటాను."

నా ప్రాణం లేచి వచ్చింది. "ఈడ సప్లై ఇచ్చి ఆడ వస్తా ఉందా అని చూసేది! మేము చేసింది కూడా అదే కదమ్మా. ఎర్త్ ఇస్తావా?"

"ఇస్తాం అంకుల్."

"మంచి ఎర్తేనా?"

ఆ అమ్మాయి నాకు జవాబు చెప్పడం మానేసి మా ఆవిడ వైపు తిరిగింది. "ఆంటీ, రేపు కరెంటు పనిముట్లు వాడతారు. ఒంటి మీద లోహం ఉండకూడదు. మెట్టెలు తీసెయ్యాల."

"తాళి తీసి పసుపుతాడు కట్టుకుంటా. మెట్టెలు మాత్రం తీయను. అవి తీసేది మొగుడు పోయినాకే."

"మొగుడు ఈడనే ఉండాడు కదే!" అన్నాను.

"ఉండాడు కాబట్టే తీయననేది."

లోహానికి కరెంటు తగిలితే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. అదంతా వివరంగా చెప్పాను. ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పాతకాలంలో ఈ వైపు మగవాళ్ళు కూడా మెట్టెలు పెట్టుకునేవారని మా అమ్మ అనేది. అది గుర్తొచ్చి నోరు జారాను.

"సరే, నువ్వు బయటికొచ్చే దాకా నేను పెట్టుకుంటా. మొగుడి కాళ్ళకుంటే తీసినట్టు కాదు."

ఉత్త మాటకు అన్నాను. ఆమె వెంటనే రెండు కాళ్ళూ చాపింది. సబ్బునీళ్ళతో లాగి తీసి నాకు తొడగబోతే నా వేళ్ళకు ఎక్కలేదు. చివరికి చిటికెన వేళ్ళకు కుక్కింది.

మరునాడు ఆమెను లోపలికి తీసుకుపోయారు. నేను హాల్లో కాళ్ళు కుర్చీ కిందికి దాచుకుని కూర్చున్నాను. అయినా ఎదురుగా ఉన్న పెద్దావిడ కనిపెట్టేసింది. మొక్కా అని తమిళంలో అడిగింది. అవునన్నట్టు "ఆమా" అన్నాను. అది అబద్ధమేమీ కాదు. చాలా భయంగా ఉంది. స్తంభం మీద ఇంత భయం ఏనాడూ వేయలేదు. అక్కడ లైను ఆపించి ఎక్కేవాణ్ణి, ఇక్కడ నా చేతిలో ఏమీ లేదు.

చాలాసేపటికి ఆ అమ్మాయి బయటికొచ్చింది. "ఒకసారి ఎడమకాలి కండ అదిరింది అంకుల్. వెంటనే చెప్పినాను. డాక్టర్ ఆపి, దారి మార్చి పెట్టినారు. ఆ తర్వాత అంతా బాగానే ఉండింది. ఇంక ఆంటీ లేచి కదిలించి చూపించాల. పిలిస్తే సరిగ్గా పలకడం లేదు, మీరు రండి."

లోపల ఆమె మత్తులో ఉంది. పాదాలు పైకెత్తమని ఆ అమ్మాయి రెండుసార్లు అడిగింది. కుడిపాదం కదిలింది. ఎడమది కదలలేదు. ఏమే, ఏమే అని పిలిచాను.

ఆమె కళ్ళు సగం తెరిచింది. "నా మెట్టెలు యాడ?"

"నా కాళ్ళకే ఉండాయి."

"ఇయ్యి."

నేల మీద కూర్చుని లాగాను. వేలు వాచిపోయి మెట్టె రావడం లేదు. ఇటు తిప్పాను, అటు తిప్పాను.

"ఏందయ్యా ఇంతసేపు? తొడుగు" అంది పైనుంచి.

తలెత్తాను. దుప్పటి జరిగిపోయి ఉంది. మడమ మంచం మీదే ఆనించి, ఎడమపాదాన్ని నిటారుగా నా వైపు ఎత్తి పట్టుకుని ఉంది.

సబ్బు తెస్తానని ఆ అమ్మాయి బయల్దేరింది. నిదానంగా తెమ్మన్నాను. ఆ ఎత్తిన పాదం ఇంకాసేపు అలాగే ఉంటే చాలనిపించింది.