దానమ్మ మెస్సులో మానెడు బియ్యం

మెదక్ బస్టాండు వెనక సందులో దానమ్మ మెస్సు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. భర్త పోయాక ఆ పొయ్యి మీదే కొడుకు ఉదయ్ కుమార్‌ను పెంచింది, పెళ్లి చేసింది. ఎవరినీ నమ్మకపోవడం వల్లే ఇంతదూరం వచ్చానని ఆమె గర్వం. పాలవాడు పోస్తే నురగ దిగేదాకా గిన్నె తీసేది కాదు. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే, తను మాత్రం ఒక కన్ను తెరిచి వాకిట్లో విడిచిన చెప్పుల మీద ఉంచేది.

అలాంటి ఇంటికి నర్సాపూర్ నుంచి పెర్సిస్ కోడలిగా వచ్చింది. పొద్దున్నే బియ్యం కొలిచి వండడం ఆమె పని. ఆమె వచ్చినప్పటి నుంచి నెలాఖరుదాకా రావలసిన బియ్యం ముందే అయిపోసాగాయి.

ఇంకేం కావాలి దానమ్మకు! కోడలు పుట్టింటికి బయల్దేరితే సంచి ఎత్తి బరువు చూసేది. రాత్రిళ్లు డ్రమ్ములో బియ్యం మీద అరచేతి అచ్చు వేసి పెట్టేది. పొద్దునకు అచ్చు చెదరకుండా ఉంటే, "గడుసుది, మల్ల గట్లనే ఏసిపెడుతున్నది" అనుకునేది. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు.

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి. జీతాల్లేని ఉద్యోగులు మెస్సుకొచ్చి కడుపునిండా తిని, "నీ చెయ్యి పెద్దదమ్మా, ఇంకింత అడిగితే ఎన్నడు లేదనలే" అని పోయేవారు. దానమ్మ పొంగిపోయేది.

బియ్యం మాత్రం మళ్లీ తరిగాయి. నర్సాపూర్‌కు బస్సే లేనప్పుడు ఎలా పోతున్నట్టు? తన అనుమానమే తప్పేమోనని ఆమెకు తట్టలేదు. ఎవరిదో మోటారు సైకిల్ వస్తోందని తేల్చుకుని కొడుకును పిలిచింది.

"బస్సులు నడిచిన దినమే నీ పెండ్లాన్ని వాళ్లమ్మ తాన దింపిరా. దొంగతోని నేను ఏగలేను."

"నువ్వు చూసినవా అమ్మా?"

"రేపు చూస్త."

పక్కగదిలో గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

తెల్లారి దానమ్మ తలుపు చాటున నిలబడింది. కళ్లు వాచిన పెర్సిస్ డ్రమ్ము మూత తీసి, మానిక నిండా బియ్యం ముంచి గిన్నెలో పోసింది.

"లాభం."

అందులో వింతేమీ లేదు. కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. పెర్సిస్ రెండో మానిక పోసింది.

"ఒకటి."

దానమ్మ చాటు మరిచి బయటికొచ్చింది. "రెండు అనాలె గదనే?"

"లాభం లెక్కలకు రాదు గదా అత్తమ్మా. మా అమ్మ గట్లనే కొలుస్తది. చెప్పకుంట వచ్చినోళ్లకు అది. లెక్క ఒకటి నుంచే."

పోయిన బియ్యమంతా తన పొయ్యి మీదే ఉడికాయి. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇక్కడ చేసింది కోడలు, పేరు మాత్రం అత్త కొట్టేసింది. దానమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. తప్పయిందనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

సమ్మె ముగిసింది. బస్టాండులో హారన్లు మోగిన పొద్దున, పెర్సిస్ సంచి సర్దుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"ఎటు పోతున్నవ్?"

"బస్సులు నడుస్తున్నయ్ గదా."

దానమ్మ సంచి లాక్కుంది. అలవాటు కొద్దీ చెయ్యి బరువు చూడబోయింది, ఆమెకే అసహ్యం వేసింది. సంచి లోపల పెట్టి, కోడలి చెయ్యి పట్టుకుని డ్రమ్ము దగ్గరికి తీసుకుపోయింది. మానిక ముంచి "లాభం" అంది. మళ్లీ ముంచి, కోడలి మొహంలోకి చూసింది.

"ఒకటి."