మా బాపు అరిచిన రోజు

ఆ సాయంత్రం మహబూబాబాద్‌లో దీక్షా శిబిరం దగ్గర మైకు పట్టుకుని మాట్లాడుతుంటే, ఉన్నట్టుండి నా గొంతు పూడుకుపోయింది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూవాడా రోడ్ల మీద ఉన్న రోజులవి. పొద్దంతా ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పి, సాయంత్రం శిబిరానికి వెళ్లేదాన్ని. "నినాదాలు ఎక్కువైనయక్కా, గొంతుకు జర రెస్టియ్యి" అన్నారు తోటివాళ్లు. నేనూ అదే అనుకున్నాను.

ఇంటికొచ్చి చెంబెత్తి నీళ్లు తాగుతున్నాను. కిరాణా దుకాణం నుంచి అప్పుడే వచ్చిన మా బాపు గుమ్మంలోనే ఆగి నన్ను చూశాడు.

"బిడ్డా, ఇంకో గుక్క మింగు."

మింగాను.

"గొంతు మీద గదేంది? గడ్డ తీరుగ పైకి కిందికి పోతున్నది."

మా బాపు అవసరమైతేనే మాట్లాడే మనిషి. దుకాణంలో సైతం తూకం వేసి, చిరునవ్వు నవ్వి, పొట్లం చేతిలో పెట్టేవాడు. నా చిన్నప్పుడే అమ్మ పోతే నాకు జడ వేయడం నేర్చుకున్నాడు. అలాంటి మనిషి అన్ని మాటలు ఒక్కసారే అనేసరికి నాకు భయమేసింది.

హైదరాబాద్‌లో అల్ట్రాసౌండ్ తీశారు. గడ్డలోకి సూది గుచ్చి ఎఫ్ఎన్ఏసీ పరీక్ష చేశారు. "పాపిల్లరీ కార్సినోమా. క్యాన్సరే, కానీ బాగా నయమయ్యే రకం. థైరాయిడ్ మొత్తం తీసేద్దాం" అన్నారు డాక్టరు. నేను రిపోర్టు మీద నా పేరే మళ్లీ మళ్లీ చదువుకున్నాను. బాపు ఒక్కటే అడిగాడు. "మాట పోతదా సార్?"

"గొంతు నరం థైరాయిడ్ పక్కనుంచే పోతుందండీ. జాగ్రత్తగానే చేస్తాం. కొందరికి కొన్నాళ్లు మాట సరిగా రాకపోవచ్చు."

ఆపరేషన్ బాగా జరిగింది. కానీ మెలకువ వచ్చి "బాపూ" అని పిలవబోతే గాలి మాత్రమే వచ్చింది. ఎడమవైపు వోకల్ కార్డ్, అంటే స్వరతంత్రి, కదలడం లేదన్నారు. నరం తెగలేదు, దెబ్బతిన్నది, టైం పడుతుందన్నారు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. మాట లేకుండా పాఠం ఎలా చెప్పను? బాపు ఓదార్చలేదు. మెడ కదలకుండా, కుట్టు తగలకుండా, మెల్లగా చిక్కు తీసి జడ వేశాడు.

డిశ్చార్జి చేస్తూ డాక్టరు బాపును కూడా పక్కన కూర్చోబెట్టి, కాల్షియం మాత్రలిచ్చారు. "ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి ఒంట్లో కాల్షియం పడిపోతుంది. వేళ్లు తిమ్మిరెక్కినా, మూతి చుట్టూ జివ్వుమన్నా మాత్ర వేసుకోండి. చేతులు కొంకర్లు పోతే మాత్రం ఆలస్యం చేయొద్దు, దగ్గర్లో ఏ హాస్పిటల్ ఉంటే అక్కడికి వెళ్లండి."

తిరుగు రైల్లోనే మొదలైంది. ముందు పెదవులు, తర్వాత వేళ్లు. బాపు మాత్ర మింగించాడు. తగ్గలేదు. జనగామలో రైలు ఆగింది. రైల్ రోకో. పట్టాల నిండా జనం, డప్పులు, పాటలు. రైలు ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు. నా చేతులు వాటంతటవే లోపలికి ముడుచుకుపోతున్నాయి. పక్కావిడతో "అవ్వా, నా బిడ్డను జర చూడు" అని బాపు కిందికి దిగాడు.

కిటికీలోంచి చూస్తున్నాను. డప్పుల మధ్యలోకి వెళ్లి, రెండు చేతులూ పైకెత్తి అరిచాడు.

"ఆపుండ్రి! అన్నా, జర ఆపుండ్రి! నా బిడ్డ పాణం మీదికొచ్చింది! దవాఖాన ఏడుంది?"

ఆ గొంతు మా బాపుదని నాకే నమ్మకం కలగలేదు. డప్పులు ఆగాయి. ఉద్యమకారులే పరుగున వచ్చి నన్ను దింపారు. "పరేషాన్ గాకు బాపూ, మేమున్నం" అంటూ ఒకాయన తన మోటార్‌సైకిల్ మీద మధ్యలో నన్ను, వెనక బాపును ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ నా చేతులు చూడగానే "కాల్షియం బాగా పడిపోయింది" అని, ఈసీజీ చూస్తూ ఇంజెక్షన్ మెల్లమెల్లగా ఎక్కించింది. నా వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. "సమయానికి తెచ్చారు పెద్దాయనా" అంది. బాపు నా జారిన జడ సర్దాడు.

ఇక మిగిలింది గొంతు. స్పీచ్ థెరపిస్ట్ రోజూ గోడను రెండు చేతులతో నెడుతూ "ఆ..." అనమంది. నాకు సిగ్గు. పిల్లి అరుపులా వస్తున్న ఆ చప్పుడు ఎవరైనా వింటే? రెండు రోజులు చేసి మానేశాను. మర్నాడు పొద్దున దుకాణం వెనక బియ్యం బస్తాల గదిలోంచి "ఆ..." అని వినిపించింది. వెళ్లి చూస్తే బాపు గోడను నెడుతున్నాడు.

"రా బిడ్డా. ఇద్దరం చేద్దాం."

"ఏంది సేటూ, పొద్దుపొద్దుగాల గొంతెత్తుతున్నవ్?" అని గిరాకీలు నవ్వేవాళ్లు. "నా బిడ్డ కాడ నేర్చుకుంటున్న" అనేవాడు. నెలలు గడిచాయి. కాలేజీలో నా క్లాసులు వేరేవాళ్లకిచ్చారు. అయినా మేం మానలేదు. ఒకనాడు నా "ఆ..." గరగర లేకుండా నిండుగా, బిందె మోగినట్టు వచ్చింది. బాపు తన అరుపు ఆపేసి బస్తా మీద కూలబడ్డాడు.

"మళ్లొకపారి అను."

అన్నాను. "బాపూ!" అన్నాను. వీధిలోకి వినపడేలా అన్నాను. ఆయన కండువాతో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

కాలేజీకి తిరిగి వెళ్లాను. రాష్ట్రం వచ్చిన రోజు బాపు పక్కన నిలబడి గొంతు చించుకుని జై కొట్టాను. ఇప్పుడు భూపాలపల్లిలో ప్రభుత్వ పాఠశాల టీచర్‌ని. రోజూ పరగడుపున థైరాక్సిన్ మాత్ర, ఏడాదికోసారి పరీక్షలు, అంతే. చివరి బెంచీ దాకా మైకు లేకుండా పాఠం వినిపిస్తుంది. బాపు ఇంకా దుకాణానికి వెళ్తున్నాడు.

థైరాయిడ్ ఆపరేషన్ చేయించుకునేవారికి నేను చెప్పేది ఒక్కటే. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పే జాగ్రత్తలు మీరు వింటే చాలదు. మీ వెంట ఉన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టి వినిపించండి. మీకు మాట రానప్పుడు దవాఖాన ఎక్కడని అడగాల్సింది వాళ్లే.