దయాకర్ ‘బస్’ అన్నాడు

నేరేడ్‌మెట్ దయాకర్‌ది మోండా మార్కెట్లో కొత్తిమీర అమ్మీ అమ్మీ తేలిన గొంతు. ఆ గొంతు వినే కాంట్రాక్టరు అతన్ని జేసీబీ వెనక నిలబెట్టాడు. బండి వెనక్కొస్తుంటే "రానీ, రానీ" అనాలి. ఇక ఆపాల్సినప్పుడు "బస్" అనాలి. అంతే పని. దయాకర్ మాత్రం తన కేక లేకుంటే సికింద్రాబాద్‌లో ఒక్క పునాదీ లేవదన్నట్టు నిలబడేవాడు. తలకు హెల్మెట్ కంపెనీ ఇచ్చింది. కాళ్లకు మాత్రం ఎవరి చెప్పులు వాళ్లవే.

బండి నడిపే లోవరాజు తుని అవతల నుంచి కొత్తగా వచ్చాడు. ఆ పొద్దున దయాకర్ "బస్, బస్" అని అరిస్తే, బస్సొస్తోందేమోనని రోడ్డు వైపు చూశాడు. రోడ్డు ఖాళీ. నిశ్చింతగా ఇంకాస్త వెనక్కి పోనిచ్చాడు. దయాకర్ కుడికాలి వేళ్లు రెండు చక్రం కింద నలిగిపోయాయి.

ఆస్పత్రిలో లోవరాజు మంచం పక్కన తల దించుకుని నిలబడ్డాడు.

"బస్సంటే బస్సే అనుకున్నానండి."

"గోడల నడుమకు బస్సెట్లొస్తదయ్యా?"

"హైదరాబాదు కదండీ, వస్తాదేమో అనుకున్నాను."

దయాకర్ భార్య వసుధకు నవ్వాగలేదు. "ఈయన మాట నాకే సగం సమజ్ కాదు. నిన్నమొన్న వచ్చినోనివి, నీకేం తెలుస్తది తమ్మీ."

మర్నాడు సూపర్‌వైజర్ విజయేందర్ పండ్లు పట్టుకొచ్చాడు. "డ్రైవర్ ఫోన్ మాట్లాడుతుండెనని చెప్పు. వాణ్ణి తీసేస్తం, కతం. లేకుంటే తప్పు నీ మీదికే వస్తది."

దయాకర్‌కు కోపమింకా చల్లారలేదు. అవునని అనేద్దామనే నోరు తెరిచాడు. కానీ లోవరాజు రెండు చేతులూ స్టీరింగు మీదుండటం తను కళ్లారా చూశాడాయె.

"ఫోన్ లేకుండె సార్. బస్ అంటే ఆపుమని ఆయనకు తెల్వది. తెల్వదని నాకు తెల్వది. ఇద్దరికీ ముందుగాల చెప్పాల్సింది మీరు."

"వేళ్లు పోయినా నోరు తగ్గలేదేందీ?"

"గొంతు వినే కద సార్ పెట్టుకున్నరు."

ఇంకో డ్రైవర్ దొరక్క లోవరాజును ఉంచేశారు. కాలు మానాక దయాకర్‌ను గేటు దగ్గర కూర్చోబెట్టబోతే లోవరాజు ఒప్పుకోలేదు. అద్దంలో దయాకర్ మొహం కనపడందే బండిని వెనక్కి కదపడు. ఇంజన్ ఆపేసి కూర్చుంటాడు. దాంతో దయాకర్‌కు టీకి పోవడమూ తక్లీఫే అయింది.

"జెర చాయ్ తాగొస్తనయ్యా."

"నిదానంగా తాగి రండి గురూగారూ. నేను కదలనండి."

విజయేందర్ పైఅంతస్తు నుంచి చూస్తాడు. వాచీ చూసుకుంటాడు.