అయ్యగారు నా కోసం ఆగిన ఆదివారం

మా చిన్నప్పుడు... ఆదివారం చర్చిలో నా చోటు అందరికంటే వెనక, చాప చివర, అవ్వ పక్కన.

ఉద్దనపల్లి దగ్గర మా ఊళ్లో చిన్న పెంకుల చర్చి. పాస్టరు అయ్యగారు హోసూరు నుంచి బస్సులో వచ్చి తమిళంలో ప్రసంగించేవారు. మా అమ్మమ్మకు, అంటే అవ్వకు, తెలుగు తప్ప రాదు. నేను చదివేది తమిళ బడి. అందుకని ఆయన చెప్పింది నేను అవ్వ చెవిలో తెలుగులో చెప్పేదాన్ని.

ఆ రోజుల్లో నేనెవరో నాకే తెలిసేది కాదు. బడిలో "తెలుగు పిల్ల" అని పక్కన పెట్టేవాళ్లు. ఇంట్లో నోట తమిళం దొర్లితే తమ్ముడు "వచ్చినాదిరా అరవక్క!" అని పకపకా నవ్వేవాడు. రెండు చోట్లా నోరు మూసుకున్నాను... తెరిచేది అవ్వ చెవి దగ్గరే.

అవ్వకు అదీ చాలదు.

"ఏమ్మే, ఆయప్ప అంతసేపు చెప్పినాడు, నువ్వు ఇంతేనా చెప్పేది? మిగతాది నువ్వే దాచి పెట్టుకున్నావా?"

మెల్లగా పక్కనున్న ఆడవాళ్లూ మా వైపు జరిగారు. వాళ్లకు వినబడాలని నా గొంతు కాస్త పెరిగింది... ఒక ఆదివారం ముందు వరుసలోని పెద్దాయన వెనక్కి తిరిగి కసిరాడు.

"ఎవరప్పా అది? వినేదానికి వచ్చినారా, మాట్లాడేదానికి వచ్చినారా?"

ప్రసంగం ఆగింది. అందరి చూపూ నా మీదే. ఉన్న ఆ ఒక్క చోటూ పోయిందనుకుని తల దించుకున్నాను.

అవ్వ కొంగు సర్దుకుని లేచింది.

"పాపను ఏమీ అనొద్దప్పా. ఆ పాప చెప్తేనే నాకు దేవుని మాట తెలిసేది. పాప నోరు మూస్తే నేను ఈడికొచ్చి ఏం చేసేది? గోడ చూసేదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. అయ్యగారూ నవ్వారు. తనకు వచ్చిన నాలుగు తెలుగు మాటల్లో, "చెప్పమ్మా... నేను ఆగుతాను" అన్నారు.

ఒక వాక్యం చెప్పి నిజంగానే ఆగారు. నా మాట చాప చివరిదాకా చేరాక ఇంకో వాక్యం... అయ్యగారి బస్సు పోతుందని మగవాళ్లు గొణిగారు. అయినా ఆయన ఆగడం మానలేదు.

నా కోసం ఒకరు ఆగడం అదే మొదలు. ఎటూ కాకుండా పోయాననుకున్న పిల్లను దేవుడు కావాలనే ఆ రెండు భాషల మధ్య నిలబెట్టాడని ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు హోసూరులో ఉంటున్నాను. ఆంధ్రా నుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చినవాళ్లకు చర్చిలో తెలుగు ఆరాధన వేరుగా ఉంది. మంచిదే. ఎవరి చెవిలోనూ ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్లెవరైనా ఆస్పత్రికి తోడు రమ్మంటే మాత్రం వెళ్తాను... డాక్టరమ్మ తమిళంలో చెప్పింది తెలుగులో చెప్తాను.

అవ్వ లేదు, ఆ చాపా లేదు. ప్రార్థనలో ఆ అలవాటు మాత్రం పోలేదు. ఒక మాట చెప్పి ఆగుతాను... అవతల దేవుడూ ఆగి వింటున్నట్టే ఉంటుంది.

మీ కోసం మొదటిసారి ఆగింది ఎవరు? తొందరేమీ లేదు. చెప్పండి... నేను ఆగుతాను.