కళ్లంలో వానపాట

అరసికెరెలో తండ్రి ఇంట అతని పేరు బైలప్ప. కోలారు బంగారు గనుల్లో అమ్మమ్మ ఇంట ఇమ్మానుయేలు. తండ్రి తెలుగు రైతు, తల్లి గనుల చర్చిలో తమిళ కీర్తనలు పాడిన మనిషి. గిటార్ అక్కడే పట్టాడు. ఊరికి మాత్రం ఆ రెండు పేర్లూ అక్కరలేదు. గనులామె కొడుకు, అంతే.

నాలుగు గిటార్లకు అతనొక సంగీతం కట్టాడు. చర్చి కీర్తన నీడలా మొదలై, నడుమ మేనత్త హొన్నమ్మ పాట వస్తుంది. కరువులో మట్టిబొమ్మను తలకెత్తుకుని, ఇల్లిల్లూ తిరుగుతూ ఆమె పాడే వానపాట. ఆమె సరేనంటేనే బెంగళూరులో వాయించాలని ముగ్గురు స్నేహితులతో ఊళ్లో బస్సు దిగాడు.

ఎనభై ఏడు కరువు తర్వాతి కార్తీకం. ఎన్నాళ్లకో పండిన శెనక్కాయ హొన్నమ్మ ఇంటి ముందు కళ్లంలో ఆరుతోంది. అరుగు మీద నలుగురూ వాయించసాగారు. వానపాట రాగానే, కాయలు విడదీస్తున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి.

పక్కింటి రామాంజినప్ప లేచి వచ్చాడు. "ఏందప్పా ఇది? కాయ ఆరబోసుకోని ఉంటే వానను పిలుస్తావా?"

"పాటే కదా మామా."

"మీ గనుల్లో పాట. ఈడ పిలుపు."

"నేల కింద బతికినోళ్లకి ఆకాశం సంగతి ఏం తెలుస్తాది?" అంది సంజీవమ్మ, చేటలో కాయలు చెరుగుతూ. నవ్వులు రేగాయి. పడమట ఒక మబ్బు నల్లబడుతోంది. రామాంజినప్ప గిటార్ మెడ పట్టి లాగాడు. తీగ తెగి బైలప్ప వేలు చీరింది.

అతను అత్త వైపు చూశాడు.

"నోళ్లు ఎండినప్పుడు పాడేదని నీకు చెప్పలేదా?" అంది హొన్నమ్మ. "నాకు వినిపించాలని వచ్చినావు. కాయ యాడుందో చూసినావా?"

బైలప్ప నెత్తురు వేలితోనే అరచేయి తీగల మీద అదిమి, అదే పాటను రాగం లేకుండా వట్టి తాళంగా తట్టాడు. స్నేహితులు అందుకున్నారు. పొడి చప్పుడు, చేటలో కాయలు దొర్లినట్టు.

"అదీ వద్దు," అన్నాడు రామాంజినప్ప.

హొన్నమ్మ చాలాసేపు విన్నది. "పాట నోరు మూసినాడు కదా. అట్లే ఉండనీ."

మబ్బు చుక్క రాల్చకుండానే వెళ్లిపోయింది. రామాంజినప్ప మళ్లీ అతనితో పలకలేదు.

బెంగళూరు సభలో వానపాట చోటు రాగానే నాలుగు అరచేతులు తీగల మీద పడ్డాయి. పాట మరిచిపోయారని ముందు వరుసలో ఎవరో నవ్వారు. బైలప్ప తలెత్తలేదు. కళ్లంలో కాయ ఆరేదాకా ఆపకూడదన్నట్టు తడుతూనే ఉన్నాడు.