ఎనిమిదో సీటు

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో, మనిషి హోదా అతని పుట్టుకతోనో చదువుతోనో వస్తుందని నేను పిల్లలకు పాఠం చెబుతూ ఉండేవాణ్ణి. నా హోదా మాత్రం తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే ప్యాసింజర్‌లో, మూడో బోగీలో ఉండేది. బాపట్లలో పదిహేనేళ్ళ గుమాస్తా పని మానేసి, ఇల్లు తెనాలికి మార్చి, నలభయ్యో ఏట రేపల్లెలో ఒక డిగ్రీ కాలేజీలో సమాజశాస్త్రం చెప్పడానికి చేరాను. వయసు ముదిరినా ఉద్యోగంలో పసివాణ్ణే. (నాలుగు తెల్లచొక్కాలు కొత్తగా కుట్టించుకున్నాను కూడా.)

ఆ బోగీలో సీజన్ టికెట్ల జట్టు ఒకటుండేది. ఎదురెదురు బల్లల మీద ఎనిమిది సీట్లు వాళ్ళవి. ముందొచ్చినవాడు ఎనిమిది చేతిరుమాళ్ళు పరిచేవాడు. జట్టుకు పెద్ద ఏదో ఆఫీసులో హెడ్ క్లర్కు. అందరూ ఆయన్ని ప్రెసిడెంటు గారనేవారు. కొత్తగా చేరినవాడు, ఉన్నవాళ్ళలో ఎవరికో బదిలీ అయ్యేదాకా నిలబడాలి. సీటు దొరికాక బయటివాళ్ళ కోసం లేచాడా, మళ్ళీ వరసలో చివరికి. నేను ఐదు నెలలు నిలబడ్డాను. వాళ్ళ సంచులు పైకెక్కించడం, విన్న జోకుకే మళ్ళీ నవ్వడం నేర్చుకున్నాను. (క్లాసులో సాంఘికీకరణకు ఉదాహరణగా మాత్రం చంటిపిల్లల్నే చూపేవాణ్ణి.)

చివరికి ఒకాయనకు గుంటూరు బదిలీ అయింది. "రండి సార్, ఇక మీరూ మనవాళ్ళే," అంటూ ప్రెసిడెంటు గారు రుమాలు తీశారు. కిటికీ పక్కది కాకపోయినా నాకది సింహాసనమే. వేమూరులో ఒక ముసలాయన ఎక్కి, నా పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. చూద్దును కదా, బాపట్లలో నాకు అక్షరాలు దిద్దించిన మాస్టారు. లేవబోయాను. ప్రెసిడెంటు గారు నా మోకాలి మీద చెయ్యేసి, "ఆలోచించుకోండి సార్. మళ్ళీ ఎన్ని నెలలో," అన్నారు మెల్లగా. నేను చేతిలో పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. మాస్టారు వంగి చూశారు.

"ఏరా, నువ్వేనా? ఏంటి చదువుతున్నావు?"

"సమాజశాస్త్రం మాస్టారూ. ఇవాళ క్లాసులో చెప్పాలి."

"ఏం పాఠం?"

"సమూహాలండి. మనవాళ్ళు, పరాయివాళ్ళు."

"చదువుకో నాయనా, కూర్చునే చదువుకో. నేను భట్టిప్రోలులో దిగిపోతాలే."

భట్టిప్రోలు వచ్చింది, ఆయన దిగిపోయారు. అప్పుడు లేచి నిలబడ్డాను. ప్రెసిడెంటు గారు చుట్టూ చూసి, "ఎవరికోసం సార్ లేచారు?" అనడిగారు, నిజంగానే అర్థంకాక. రేపల్లె దాకా నిలబడే వెళ్ళాను. (సీటు పోకుండా రుమాలు మాత్రం వేశాను.)

మాస్టార్ని మళ్ళీ చూడలేదు. ఆ నాటి డైరీలో బండి ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో ఉంది, సీటు దక్కిన సంగతి ఉంది, ఆయన పేరు లేదు. అడుగున ఎర్రసిరాతో, 'భట్టిప్రోలు నుంచి నిలబడి ప్రయాణం' అని రాసుకున్నాను, అదేదో ఘనకార్యమైనట్టు. ఇప్పుడా వాక్యం చూస్తే ఆ లెక్చరర్ మీద నవ్వొస్తుంది. నవ్వుతూనే, ఎవరూ లేని గదిలో, కుర్చీలోంచి సగం లేస్తాను.