గోల్‌కీపర్ వెనుక చోటు

సాయంత్రమయ్యేసరికి మా అపార్ట్‌మెంట్ వెనుక, ఇంకా లేస్తున్న టవర్ దగ్గర, కూలీలు కట్టెల పొయ్యి వెలిగిస్తారు. కోకాపేటలో ఇంత ఎత్తున ఉన్నా ఆ పొగ నాకు అందుతుంది. ముందు తడికట్టె వాసన, తరువాత నూనెలో చిటపటలాడే ఎండుమిర్చి, చివరికి చింతపండు పులుసు. మా ఆయన దగ్గుతూ బాల్కనీ తలుపు వేస్తాడు. నేను మళ్లీ తీస్తాను. ఆ పొగలో కాసేపు కళ్లు మూసుకుంటే చాలు, ఎదురుగా ఉన్న అద్దాల భవనాలు ఒక్కొక్కటే పలచబడి మాయమవుతాయి. లింగంపల్లిలో రైలు పట్టాల పక్కన ఒక మట్టి మైదానం తేలివస్తుంది. దాని చివర వల చిరిగిన గోల్‌పోస్టు, ఆ వల వెనుక నేల మీద కాళ్లు చాపుకుని, ఒళ్లో గుగ్గిళ్ల డబ్బాతో బాలమణి పెద్దమ్మ.

ఆమె మా ఇంటి ఓనరు. తెలంగాణ ఉద్యమం ఊపులో ఉన్న రోజులవి. నాది అనంతపురం. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తూ వాళ్ల మేడ మీద గదిలో కిరాయికి ఉండేదాన్ని. పెద్దమ్మ భర్త రైల్వేలో పనిచేస్తూ అక్కడి రైలుగేటు క్లబ్ అనే ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడేవాడట. ఆయన పోయాడు, ఆమె మాత్రం ఆటకు పోవడం మానలేదు. నాకేమో సెలవంటేనే భయం. బంద్ అయితే ఆఫీసు ఉండదు, టీవీ పెడితే ‘ఆంధ్రోళ్లు పోవాలె’ అన్న మాటే వినబడేది. మా సీమను కూడా ఆ ఒక్క మాటలోనే కట్టి పడేస్తారని మంట వేరే. అలాంటి ఒక ఆదివారం నేను తలుపు వేసుకుని పడుకుంటే పెద్దమ్మ మెట్ల కింద నుంచి కేకేసింది.

“ఏంది బిడ్డా, గిట్ల గోడలు సూసుకుంట పంటవా? నడువ్, ఆట ఉన్నది.”

“నాకు ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలీదు పెద్దమ్మా.”

“నాకు మాత్రం ఏమెరుక? బాలు మన గోల్‌ల పడితే ఏడుస్త, పడకపోతే నవ్వుత. జర జల్ది రా ఇగ.”

మైదానం పక్కన, సరిగ్గా మధ్య గీత దగ్గర, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. నేను బుద్ధిగా పోయి ఒక కుర్చీలో కూర్చున్నాను. పెద్దమ్మ నా రెక్క పట్టుకుని లేపింది. అవి క్లబ్ ఓనరు వేయించిన కుర్చీలట, మనవాళ్లు అక్కడ కూర్చోరట. చూద్దును కదా, రైలుగేటు జనమంతా తమ గోల్‌కీపర్ వెనుక, ఆ దుమ్ములో కూర్చుని ఉన్నారు. సగం ఆట అయి జట్లు దిక్కు మారగానే, ముసలీముతకా, పిల్లాజెల్లా, డబ్బాలూ చెంబులూ పట్టుకుని అందరూ లేచి అవతలి చివరకు నడిచారు. మళ్లీ తమ గోల్‌కీపర్ వెనుకనే చతికిలబడ్డారు. సాయంత్రపు ఎండలో ఆ నడక ఒక ఊరు ఊరంతా నిదానంగా వలస పోతున్నట్టుగా ఉంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అక్కడ కూర్చుంటే మనవాళ్లు గోల్ కొట్టినా దూరాన దుమ్ము లేవడం తప్ప ఏమీ కనబడదు. మనకు పడే గోల్ మాత్రం ముఖం మీదికే వస్తుంది. ఇదేం పిచ్చి అని అడిగాను.

“గోల్ కొట్టినోని మీద అందరు పడి ముద్దులు పెడ్తరు బిడ్డా. గోల్ తిన్నోడే ఒంటిగ నిలవడతడు. ఆని ఎనక ఎవలన్న ఉండొద్దా?” అంది పెద్దమ్మ, నా చేతిలో గుగ్గిళ్లు పోస్తూ.

అంతలోనే ఒక గోల్ పడనే పడింది. గోల్‌కీపర్ శ్రీకాంత్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. వెనక్కి తిరగలేదు.

“పెద్దమ్మా, ఉన్నవా?” అన్నాడు.

“ఉన్న బిడ్డా. నువ్వు ముందట సూడు.”

హైదరాబాద్ వచ్చాక నన్ను ఎవరూ అలా అడగలేదు, ఎవరూ అలా చెప్పలేదు. ఆ తరువాత ప్రతి ఆటకూ పోయాను.

ఇక క్లబ్ ఓనరు సంగతి. ఆయనది కడప వైపు, రియల్ ఎస్టేట్ వ్యాపారం. క్లబ్‌ను తీసుకున్న కొత్తలో కొత్త జెర్సీలు, కొత్త బూట్లు ఇప్పిస్తే అందరూ మురిసిపోయారు. కానీ ఆయనకు కప్పు ఆ ఏడాదే కావాలి, ఆ నెలలోనే అయితే మరీ మంచిది. ఆ పిల్లలకు నడక వచ్చినప్పటి నుంచీ ఆట నేర్పిన నర్సింగ్ సారును ‘పాతకాలం మనిషి’ అని పక్కన పెట్టేశాడు. లాప్‌టాప్ పట్టుకుని ఒక కోచ్ వచ్చాడు, పోయాడు. పిల్లలతో పొద్దుగూకులూ ఆసనాలు వేయించే కోచ్ ఒకాయన వచ్చాడు, ఆయనా పోయాడు. మూడో ఆయన పేరు మాకు నోరు తిరిగేలోపే ఆయనా పోయాడు. ఎక్కడెక్కడి ఆటగాళ్లో దిగారు. జట్టు మాత్రం ఓడుతూనే ఉంది. ఇంటికి నడిచే దారంతా మా తిట్లే తిట్లు. నేను కూడా సిగ్గు విడిచి అనంతపురం తిట్లన్నీ బయటికి తీశాను.

“అన్నం పొయ్యి మీద పెట్టి, గడియకోసారి మూత తీసి సూస్తడు వీడు. ఇగ ఎట్ల ఉడుకుతది?” అనేది పెద్దమ్మ.

చివరికి పిడుగులాంటి కబురు వచ్చింది. క్లబ్ పేరు మార్చి, కోకాపేటలో తన వెంచర్ పక్కకు తీసుకుపోతాడట. అంటే రైలుగేటు క్లబ్ ఇక లేనట్టే. పెద్దమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. గోడ మీద ఉన్న భర్త ఫొటో కేసి చూస్తూ కూర్చుంది. పొద్దున లేచి కొంగు దోపుకుంది.

“రాష్ట్రం కోసం రోడ్ల మీద వండుతున్నరు గదా. మనం మన కోచ్ కోసం, మన క్లబ్ కోసం వండుదాం.”

ఆ రోజుల్లో ఎక్కడ చూసినా వంటావార్పే. నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, వండి, అక్కడే తినడం నిరసన. అలా మేమంతా బియ్యం, గిన్నెలు మోసుకుని మణికొండలో ఓనరు ఆఫీసు ముందు దిగాం. రాళ్ల పొయ్యిలు వెలిగాయి. పప్పుచారు మరుగుతోంది. నేను ఒక మూల ఉల్లిగడ్డలు కోస్తున్నాను. గుంపులో ఒకాయన నన్ను ఎగాదిగా చూశాడు.

“ఈ పిల్ల ఓనర్ దిక్కోళ్లే గదా. ఈడేం పని?”

నా చేతిలో కత్తి ఆగిపోయింది. పెద్దమ్మ గరిటె తిప్పడం ఆపలేదు, తల కూడా ఎత్తలేదు.

“గోల్ ఎనక కూసుంటదా, లేదా?”

“కూసుంటది.”

“మరి ఇంకేంది? ఉల్లిగడ్డ జర సన్నగ కొయ్యమని చెప్పు.”

అంతే. నేను సన్నగా కోశాను, నా జన్మలో అంత సన్నగా ఎప్పుడూ కోయలేదు.

లోపల ఓనరు సగం షట్టరు దించేశాడు. పొయ్యిలు, పొగ, ఇంతమంది జనం. పాపం, కడప మనిషి, తనను తరిమేయడానికే వచ్చారనుకున్నాడు. కాసేపటికి మెడలో ఎక్కడిదో ఒక గులాబీ కండువా వేసుకుని, రెండు చేతులూ జోడించి మెట్ల మీదికి వచ్చాడు.

“అన్నలారా, అక్కలారా, నేను గూడా తెలంగాణకు మద్దతే! జై తెలంగాణ!” అని అరిచాడు.

నవ్వు లేచింది, ఆ కొస నుంచి ఈ కొస దాకా. పెద్దమ్మ గరిటె పట్టుకునే ముందుకు వచ్చింది.

“జై తెలంగాణ! అది మా పని, మేం సూసుకుంటం. నువ్వు మా నర్సింగ్ సార్‌ను తోల్కరా, మా క్లబ్‌ను ఈడనే ఉండనియ్.”

“ఆట కోసమా ఇదంతా?” అంటూ ఆయన మెట్టు మీదే కూలబడ్డాడు. “మిమ్మల్ని గెలిపిచ్చల్లనే గదమ్మా నేను ఇంత పరేషాన్ అయితాండేది.”

“ముందుగాల తిను,” అని విస్తరాకులో అన్నం పెట్టింది పెద్దమ్మ. “ఒక్కసారన్న మాతోని గోల్ ఎనక కూసున్నవా? కూసో. అటెన్క కోచ్‌ను మారుస్తవో, మమ్ములనే మారుస్తవో నీ ఇష్టం.”

తరువాతి ఆటకు ఓనరు వచ్చాడు. తెల్ల చొక్కాతో మా మధ్య దుమ్ములో కూర్చున్నాడు. నర్సింగ్ సారు మళ్లీ మైదానం అంచున, తన పాత విజిల్‌తో నిలబడి ఉన్నారు. ఆ రోజూ ఓడిపోయాం, అబద్ధమెందుకు. కానీ గోల్ పడినప్పుడు శ్రీకాంత్ “పెద్దమ్మా, ఉన్నవా?” అంటే, ఆమె కంటే ముందు ఓనరే “ఉండాం నాయనా” అనేశాడు. సగం ఆట కాగానే గుగ్గిళ్ల డబ్బా తానే ఎత్తుకుని మాతో పాటు అవతలి చివరకు నడిచాడు. కోకాపేట ఊసు మళ్లీ రాలేదు. కప్పు ఆ ఏడాది రాలేదు, మరుసటి ఏడాదీ రాలేదు. జట్టు మాత్రం మా జట్టుగానే మిగిలింది.

రాష్ట్రం వచ్చిన రోజు వీధంతా పటాకులు. నేను మెట్ల మీద కూర్చుని, “ఇప్పుడు నేను ఉండల్లా, పోవల్లా పెద్దమ్మా?” అని అడిగాను. నవ్వులాటకు అడిగినట్టే అడిగాను గానీ, నిజంగానే అడిగాను. ఆమె నా నోట్లో లడ్డూ కుక్కింది.

“సగం ఆట అయింది, దిక్కు మారింది. గంతే. డబ్బా వట్టుకోని నడువ్.”

పెద్దమ్మ పోయి కొన్నేళ్లయింది. మా ఆఫీసులో మొన్న ఒక సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఘోరంగా దెబ్బతింది. కస్టమర్ల పనులన్నీ ఆగిపోయాయి. పెద్దవాళ్లంతా అద్దాల గదిలోకి పోయి, తప్పు ఎవరిదో తేల్చే పనిలో పడ్డారు. ఆ కోడ్ రాసిన కొత్తమ్మాయి వరంగల్ పిల్ల. ఖాళీ అయిన వరుసలో ఒక్కతే స్క్రీన్ ముందు కూర్చుని సరిచేస్తోంది. నన్నూ ఆ గదిలోకి పిలిచారు, అక్కడ నాకో మంచి కుర్చీ కూడా ఉంది. నేను పోలేదు. ఒక స్టూలు లాక్కుని ఆ పిల్ల వెనుక కూర్చున్నాను. కిటికీ అవతల ఎండ వాలుతోంది, ఎక్కడి నుంచో సన్నగా దుమ్ము లేస్తున్నట్టే ఉంది. చాలాసేపటికి ఆ పిల్ల, తల తిప్పకుండానే, “మేడమ్, ఉన్నారా?” అంది.

“ఉన్న బిడ్డా,” అన్నాను. “నువ్వు ముందట సూడు.”